పట్టిన పురుగు వద్దు, పెంచిన పురుగే పెట్టండి

సంపాదకులకు,

నాలుగు చినుకులు పడగానే వీధి దీపాల కింద పురుగులు కుప్పలుగా రాలతాయి. ఇంట్లో టారంటులా సాలీళ్లను పెంచే కుర్రాళ్లు డబ్బా పట్టుకుని వాటికోసం బయలుదేరే కాలం ఇది. ఖర్చులేని మేత అని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎందుకు తప్పో, ఇంట్లోనే మేత పురుగుల్ని ఎలా పెంచుకోవచ్చో మీ పాఠకులకు చెప్పడానికే ఈ ఉత్తరం.

వరి, పత్తి చేలల్లో పట్టిన మిడత ఒంట్లో ఏ మందు ఉందో పట్టినవాడికి తెలియదు. వంటింటి బొద్దింక సంగతి మరీ అన్యాయం. ఈ రోజుల్లో బొద్దింకలకు పెట్టే జెల్‌లో సాధారణంగా ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉంటుంది. అది తిన్న బొద్దింక వెంటనే చావదు, కొన్ని గంటలపాటు మామూలుగానే తిరుగుతుంది. ఆ కాస్త వ్యవధిలో సాలీడు నోట పడితే విషం దానికీ చేరుతుంది. కాళ్లు వణకడం, అడ్డదిడ్డంగా మెలితిరగడం, నడక తప్పడం మొదలయ్యాక చేయగలిగిన వైద్యం లేదు. మందు లేని చోట పట్టినా పరాన్నజీవుల బెడద తప్పదు. టారంటులా నోటి దగ్గర తెల్లగా చేరి తిండి మాన్పించే సన్నటి నులిపురుగులకూ చికిత్స లేదు.

కొత్తవాళ్లు ఒక రకం పెంకు పురుగు పిల్లదశ అయిన మీల్‌వార్మ్‌తో మొదలుపెట్టడం మేలు. అరవదు, ఎగరదు, నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు. బొద్దింక కనబడితే చెప్పు తీసే అమ్మలు కూడా దీన్ని ఓర్చుకుంటారు. పక్షుల మేత అమ్మే దుకాణాల్లో దొరికే వంద, నూటయాభై లార్వాలు (ఆ పిల్ల పురుగులు) చాలు. మూడు వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి, పెంకు పురుగులకొకటి, ప్యూపాలకు (లార్వా పెంకు పురుగుగా మారే మధ్య దశ) ఒకటి, లార్వాలకొకటి. మూతకు పెద్ద కంత కోసి సన్నటి స్టీలు జాలీ అతికించాలి. పశువుల దాణా కొట్లో గోధుమ పొట్టు తెచ్చి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, లేదా సన్న సెగ మీద పొడిగా వేయించి చల్లార్చండి. పొట్టుతోపాటు వచ్చే నల్లి (మంచం నల్లి కాదు, ధూళిలా కనబడే సన్నటి జీవి) అక్కడితో చస్తుంది. డబ్బాలో ఆ పొట్టు మూడు నాలుగు సెంటీమీటర్ల మందం పోస్తే సరిపోతుంది. నీళ్ల గిన్నె పెట్టకూడదు. తడికోసం రెండు క్యారట్ చక్రాలు పొట్టు మీద ఉంచి, మర్నాడు తీసి పారేయండి.

ప్యూపా కదలదు కాబట్టి పక్కనున్న లార్వాలూ పెంకు పురుగులూ దాన్ని కొరుకుతాయి. అందుకే రెండు మూడు రోజులకోసారి ఏరి వేరే డబ్బాలో వేయాలి. ఒకటి రెండు వారాల్లో తెల్లటి పెంకు పురుగు బయటికొచ్చి, క్రమంగా గోధుమ రంగుకూ నలుపుకూ తిరుగుతుంది. మరో వారం పది రోజులకు గుడ్లు మొదలవుతాయి. గుడ్లు జిగురుగా పొట్టుకే అంటుకుని ఉంటాయి, కంటికి ఆనవు. పదిహేను రోజులకోసారి పొట్టు కిందికి దిగేంత పెద్ద కన్నాల జల్లెడతో పెంకు పురుగుల్ని మాత్రం తీసి కొత్త పొట్టులోకి మార్చండి. పాత పొట్టును పారేయకండి, పంటంతా అందులోనే ఉంది. ఒకటి రెండు వారాల్లో అది కదలడం కనబడుతుంది. లార్వా మేతకు వచ్చేసరికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి తరాన్ని తినిపించేసి 'పురుగులు పెరగడం లేదు' అనేవాళ్లే ఎక్కువ. విత్తనం గింజలు వండుకుని పంట రాలేదంటే ఎలా?

చెడిపోయేది ఎక్కువగా తడివల్లే. జూలై నుంచి అక్టోబరు దాకా, ముఖ్యంగా కోస్తాలో, పొట్టు నిమ్మెక్కి డబ్బా అంచున తెల్లటి ధూళి కదులుతూ కనబడుతుంది. అదే నల్లి. ఆ డబ్బాను బాగుచేసే పని పెట్టుకోకండి. పెద్ద లార్వాలను ఏరుకుని మిగతాది మరిగే నీళ్లలో పడేయండి. రాయలసీమలో గొడవ వేరు. మీల్‌వార్మ్‌కు 25 నుంచి 28 డిగ్రీలు హాయి. 35 దాటిన వేడి రోజుల తరబడి ఉంటే గుడ్లు పొదగవు, ప్యూపాలు నల్లబడతాయి. మే నెలలో డబ్బాను నేల మీద, ఇంట్లోకెల్లా చల్లటి గదిలో ఉంచాలి. మేతకు సిద్ధమైన లార్వాలను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే వారాలపాటు ఎదుగుదల ఆగి ఉంటాయి. వారానికొక రోజు బయట పెట్టి క్యారట్ తినిపించాలి. అలాంటిదే మరో పెద్ద రకమైన సూపర్‌వార్మ్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చస్తుంది. గుంపులో ఉన్నంతకాలం అది ప్యూపా కూడా కాదు. ఒక్కోదాన్ని ఒక్కో చిన్న డబ్బీలో మేత లేకుండా చీకట్లో ఉంచితే వారం పది రోజుల్లో ఒళ్లు వంచి ప్యూపాగా మారుతుంది.

చీమలకు బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే పాత పద్ధతే మంచిది. చీమల చాక్‌పీసు గీత గీశారో, మీ పురుగులకూ సాలీడుకూ కలిపి గీసినట్టే. దోమల కాయిల్, ప్లగ్‌కు పెట్టే లిక్విడ్ కూడా ఆ గదిలో వద్దు. వాటిలో ఉండేవీ పైరెత్రాయిడ్ రకం పురుగుమందులే. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూయండి.

సాలీడు పెట్టెలో వేయగానే అడుగు మట్టిలోకి దూరిపోవడం మీల్‌వార్మ్‌కు అలవాటు. కాబట్టి తల నొక్కి ఇవ్వాలి. కదిలే మేతే కావాలనే సాలీళ్లకు కీచురాళ్లు తప్పవు. మన పొలాల్లో ఉండే నల్ల కీచురాయి ఇందుకు బాగా పనికొస్తుంది. ఐరోపాలోనూ తర్వాత ఉత్తర అమెరికాలోనూ ఇంటి కీచురాళ్ల ఫారాలను ఖాళీ చేసిన డెన్సోవైరస్ దీన్ని పెద్దగా బాధించదు. పొలం నుంచి తెచ్చిన తల్లుల్ని మేతకు వాడకండి, ఇంట్లో వాటికి పుట్టిన పిల్లల్నే వాడండి. యాభై లీటర్ల టబ్బులో గుడ్ల అట్టలు నిలువుగా పేర్చి, ఇరవై ఆడవాటికి ఐదారు మగవి వేయండి. తోక దగ్గర సూదిలాంటిది ఉన్నది ఆడది. పిండితే నీరు కారని తడి కొబ్బరి పొట్టును చిన్న డబ్బాలో ఐదు సెంటీమీటర్లు నింపి, పైన జాలీ వేయండి. ఆడది జాలీ కన్నాల్లోంచి సూది దించి గుడ్లు పెడుతుంది, పెద్దవి తవ్వి తినలేవు. రెండు మూడు రోజులకు ఆ డబ్బా తీసి మూతపెట్టి 28-30 డిగ్రీల్లో ఉంచితే పది పన్నెండు రోజుల్లో పిల్లలు. వాటికి నీళ్లు గిన్నెలో పెడితే మునిగి చస్తాయి, తడి దూది చాలు. కోడిపిల్లల దాణా పొడి, చెక్కు తీసిన క్యారట్, గుమ్మడి మేతగా వేయండి. బజారు ఆకుకూరలు వద్దు, ఆకులోకి ఇంకిన మందు ఎంత కడిగినా పోదు. రాత్రికి రాత్రి గుట్టగా చచ్చాయంటే మొదట చూడాల్సింది గాలి. రెట్ట, చచ్చినవి పేరుకుని అమ్మోనియా వాసన వస్తుంటే మూత జాలీ చాలలేదని అర్థం.

మేతకోసం విదేశీ దూబియా బొద్దింకలు అమ్మేవారూ ఉన్నారు. పెంచితే పెంచండి గానీ, విసుగొచ్చి కాలువలో వదలకండి. మిగిలినవాటిని రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి పారేయాలి.

మేత ఎప్పుడూ సాలీడు పొట్టకన్నా చిన్నదై ఉండాలి. పెద్ద సాలీడుకు వారం పది రోజులకొకటి, పిల్లకు వారానికి రెండుసార్లు. ముట్టకపోతే మర్నాటికి తీసేయండి. కుబుసం విడుస్తున్నప్పుడు లోపల వదిలిన కీచురాయి సాలీడునే కొరికి చంపగలదు. కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి మళ్లీ నల్లబడేదాకా, పెద్దవాటికైతే దాదాపు రెండు వారాలు, మేత ఆపాలి.

ఒక్కమాట చట్టం గురించి. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసిన నీలి సాలీడు, నంద్యాల-గిద్దలూరు మధ్య అడవుల్లో మిగిలిన అరుదైన జీవి. దాని ప్రజాతి అంతా 2019లో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరింది. అలాంటి జాబితాలోని జీవి ఇంట్లో ఉంటే 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం నమోదు చేయించుకోవాలి. అడవి నుంచి తెచ్చింది నమోదుతో సక్రమం కాదు.

రెండు రాష్ట్రాల్లోనూ ట్రైకోగ్రామా కార్డుల (పంట పురుగుల గుడ్లను నాశనం చేసే సన్నటి కందిరీగల కార్డుల) కోసం బియ్యపు చిలక పురుగును పెంచే ప్రయోగశాలలున్నాయి. నల్లినీ, బూజునూ, ఎండనూ ఎదుర్కోవడం వాళ్లకు నిత్యకృత్యం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల కీటక శాస్త్ర విభాగాలు ఆ అనుభవంతో మేత పురుగుల పెంపకంపై తెలుగులో ఒక కరపత్రం వేస్తే బాగుంటుంది. మీ వ్యవసాయ పేజీలో దానికి చోటివ్వగలరని కోరుతున్నాం.

– కొందరు సాలీళ్ల పెంపకందారులు, కర్నూలు