నాకు దక్కవలసిన ఓటమిని నాకు ఇప్పించగలరు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: 2024 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆరో స్టేజ్ (ఆరో రోజు పోటీ) పాయింట్ల లెక్కలో దొర్లిన తప్పును సరిదిద్ది, మా లీగ్ విజేత పేరును మార్చవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా,

నిజమైన రైడర్లను ఎంచుకుని జట్టు కట్టి, వారి ఫలితాలను బట్టి పాయింట్లు పొందే మీ సంస్థ సైక్లింగ్ ఫాంటసీ ఆటలో నేనూ నా మిత్రుడూ 2016 నుంచి ఏటా పోటీ పడుతున్నాం. ఈ ఏడాది మా ఇద్దరి లీగ్‌లో నేను 41 పాయింట్ల తేడాతో గెలిచినట్టు మీ యాప్ చూపిస్తోంది. అది నిజం కాదు. నేను 29 పాయింట్ల తేడాతో ఓడిపోయాను. ఆ ఓటమిని మీ రికార్డుల్లోకి ఎక్కించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. మీకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఓడినవారు పంపినవే అయివుంటాయి కనుక ఇది వింతగా తోచవచ్చు. అయినా దయచేసి చివరిదాకా చదవండి.

జరిగింది ఇది. జూలై 4న మాకాన్ నుంచి దిజోన్ వరకు 163.5 కిలోమీటర్ల ఆరో స్టేజ్ గుంపు స్ప్రింట్‌తో, అంటే గీత ముందు అందరూ కలిసి చేసే వేగపు పరుగుతో, ముగిసింది. డైలన్ గ్రోనెవేగెన్, జాస్పర్ ఫిలిప్సెన్ దాదాపు ఒకేసారి గీత దాటడంతో ఫోటో చూసి గ్రోనెవేగెన్‌ను విజేతగా ప్రకటించారు. రెండో స్థానం ఫిలిప్సెన్‌ది, మూడోది బినియం గిర్మేది. అయితే స్ప్రింట్‌లో ఫిలిప్సెన్ తన దారి వదిలి పక్కకు జరిగి, బారికేడ్ల వైపున వస్తున్న వౌట్ వాన్ ఆర్ట్‌కు చోటు లేకుండా చేశాడని కమిసేర్లు, అంటే రేసు న్యాయనిర్ణేతలు, తేల్చి అతన్ని 107వ స్థానానికి దించారు. దాంతో గిర్మే రెండో స్థానానికీ, ఫెర్నాండో గవిరియా మూడో స్థానానికీ వచ్చారు. ఈ నిర్ణయం అదే రోజు వెలువడింది.

ఆ రోజు నా జట్టు కెప్టెన్ ఫిలిప్సెన్. 2023లో నాలుగు స్టేజ్‌లు గెలిచి, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ తీసుకెళ్లినవాడు ఈసారి ఐదు రోజులైనా ఒక్కటీ గెలవలేదు కనుక ఇక గెలుపు రాక తప్పదని నా లెక్క. (నా లెక్కలు ఇలాగే ఉంటాయని నా మిత్రుడు అంటాడు.) మీ ఆటలో చదును స్టేజ్‌కు మొదటి మూడు స్థానాలకు 50, 30, 20 పాయింట్లు వస్తాయి, కెప్టెన్‌కు రెట్టింపు. మీ యాప్ ఫిలిప్సెన్‌కు రెండో స్థానపు 30 ఇచ్చి, దాన్ని రెట్టించి నా ఖాతాలో 60 వేసింది. నా మిత్రుడి జట్టులో ఉన్న గిర్మేకు మూడో స్థానపు 20 మాత్రమే ఇచ్చింది. అధికారిక ఫలితం ప్రకారం నాకు రావలసింది సున్నా, అతనికి రావలసింది 30. ఆ రోజు పాయింట్లు దక్కే స్థానాల్లో మా ఇద్దరి రైడర్లు ఇంకెవరూ లేరు కనుక తప్పు అక్కడికక్కడే తేలిపోతుంది: నాకు 60 ఎక్కువ, అతనికి 10 తక్కువ, మొత్తం 70. జూలై 21న నీస్‌లో టూర్ ముగిసేసరికి నా ఆధిక్యం 41. ఆపైన కూడిక, తీసివేత వస్తే చాలు.

మీ నియమావళిలో పాయింట్లను నిర్వాహకులు ప్రకటించే అధికారిక ఫలితాలను బట్టి లెక్కిస్తామనీ, మరుసటి స్టేజ్ మొదలయ్యేవరకు సవరణలు చేస్తామనీ స్పష్టంగా రాసి ఉంది. మరుసటి స్టేజ్ అంటే జూలై 5 నాటి వ్యక్తిగత టైమ్ ట్రయల్. దానికి ముందు ఒక రాత్రంతా మీ చేతిలో ఉంది. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, మీ యాప్‌లోనే జెర్సీల పేజీ తెరిస్తే ఆకుపచ్చ జెర్సీ పట్టికలో ఆ స్టేజ్ ముగింపుకు గిర్మే పేరున 30 కనిపిస్తుంది, అంటే అక్కడ అతను రెండోవాడు. స్టేజ్ ఫలితాల పేజీకి వస్తే మళ్లీ మూడోవాడు అయిపోతాడు. ఒకే యాప్‌లో ఒకే రైడర్ ఒకే రోజు రెండు స్థానాల్లో గీత దాటడం సైక్లింగ్ చరిత్రలో ఎన్నడూ జరగలేదు. ఈ రెండు పేజీల చిత్రాలూ జతచేశాను.

ఇది ఎలా జరిగిందో నాకు కలిగిన అనుమానం చెబుతాను, తప్పయితే మన్నించండి. స్ప్రింట్‌లో తప్పు చేసిన రైడర్‌ను అతను వచ్చిన గుంపు చివరికి దించుతారు కానీ అతని సమయాన్ని మార్చరు. ఆ స్టేజ్ సమయాల్లో సెకను కూడా తేడా రాదు. మీ వ్యవస్థ తొలి ఫలితానికీ తుది ఫలితానికీ మధ్య సమయాలను మాత్రమే పోల్చి చూస్తుంటే, స్థానాలు తారుమారైనా దానికి ఏమీ మారనట్టే కనిపిస్తుంది. మొత్తం సమయంలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వెంట పడేవారికి ఇది పట్టదు. స్ప్రింటర్ల మీద ఆధారపడి ఆడేవారికి ఆటంతా అక్కడే ఉంది. అందుకే ఇది మా ఇద్దరి గొడవ మాత్రమే కాదని గమనించాలి. ఆ రోజు ఫిలిప్సెన్‌నో గిర్మేనో గవిరియానో ఎంచుకున్న ప్రతి ఒక్కరి లెక్కా ఇప్పటికీ తప్పుగానే ఉంది.

ఇలాంటి నిర్ణయాలు అరుదు కూడా కావు. 2017 జూలై 4న విట్టెల్‌లో మార్క్ కావెండిష్ పడిపోయిన స్ప్రింట్‌లో రెండోవాడిగా గీత దాటిన పీటర్ సాగన్‌ను ముందు 115వ స్థానానికి దించి, ఆ సాయంత్రమే టూర్ నుంచి తొలగించారు. గీత దగ్గర కనిపించిన ఫలితం సాయంత్రానికి మారగలదని ఏడేళ్ల క్రితమే అందరూ చూశారు.

నా మిత్రుడు జూలైలోనే మీకు రాశాడు. ఫలితాలు ఖరారయ్యాక మార్చడం కుదరదని యంత్రం పంపినట్టున్న జవాబు వచ్చింది. ‘‘గెలిచినవాడివి నువ్వు కదా, నువ్వు అడిగితే వింటారు’’ అని అతను అంటే నేను రాశాను. ఫలితం వల్ల నష్టపోయినవారు మాత్రమే ఫిర్యాదు చేయాలనీ, మొదటి స్థానంలో ఉన్న నాకు ఆ అర్హత లేదనీ ఈసారి జవాబు. నష్టపోయినవాడు అడిగితే గడువు దాటింది, లాభపడినవాడు అడిగితే అర్హత లేదు. ఇక మూడో మనిషిని ఎక్కడి నుంచి తెమ్మంటారు? మా లీగ్‌లో ఉన్నదే ఇద్దరం.

ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకని మీరు అనుకోవచ్చు. 2016 నుంచి 2023 వరకు ఎనిమిది టూర్‌లలో మేము చెరి నాలుగు గెలిచాం. తొమ్మిదోది ఇది. ఓడినవారు మరుసటి జూలై వరకు తమ జట్టుకు ‘ఎర్ర లాంతరు’ అని పేరు పెట్టుకోవాలన్నది మా ఒప్పందం. టూర్ మొత్తం వర్గీకరణలో ఆఖరున నిలిచే రైడర్‌ను రైలు చివరి పెట్టెకు వేలాడే దీపం పేరుతో పిలవడం మీకు తెలిసిందే. నా మిత్రుడు నీస్ స్టేజ్ ముగిసిన గంటలోనే మారుమాట లేకుండా పేరు మార్చుకున్నాడు. గొడవపడి ఉంటే నాకు ఎంతో తేలికగా ఉండేది. ఇప్పుడు మీ యాప్ తెరిచిన ప్రతిసారీ అతనికి చెందని ఆ దీపం నా పేరు కింద వెలుగుతూ కనిపిస్తోంది.

పైగా ఈసారి అతను గెలవడానికి అన్ని విధాలా అర్హుడు. ఫ్లోరెన్స్‌లో టూర్ మొదలవడానికి ముందు అతను గిర్మేను తీసుకుంటే, ఆటలో జట్టు కట్టడానికి ఇచ్చే ఆ డబ్బుతో ఒక కొండల రైడర్ వచ్చేవాడని నేను నవ్వాను. గిర్మే మూడో స్టేజ్ తూరిన్‌లో గెలిచాడు, ఎనిమిదోది గెలిచాడు, పన్నెండోది గెలిచాడు, చివరికి ఆకుపచ్చ జెర్సీతో నీస్‌లో నిలబడ్డాడు. టూర్ స్టేజ్ గెలిచిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ రైడర్‌ను అందరికన్నా ముందు నమ్మినవాడికి, అతని పాయింట్లలోనే కోత పడటం నాకు నచ్చలేదు. (కావెండిష్ ఎడీ మెర్క్స్ రికార్డును దాటి తన 35వ టూర్ స్టేజ్ విజయం సాధించిన రోజున మాత్రం మా ఇద్దరి జట్లలోనూ అతను లేడు. ఆ విషయంలో మేము సమానంగా తెలివితక్కువవాళ్లం, ఫిర్యాదేమీ లేదు.)

ఖరారైన ఫలితాన్ని తిరగదోడితే అంతు ఉండదని మీరు అనవచ్చు. అసలు టూర్ ఆ పని చేసింది. 2010 పసుపు జెర్సీని ఆల్బెర్టో కొంటడోర్ నుంచి తీసి, 2012లో ఆండీ ష్లెక్‌కు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత జెర్సీ చేతులు మారినప్పుడు, కొన్ని నెలల తర్వాత మీ యాప్‌లో రెండు పేర్లు స్థానాలు మార్చుకోలేవా?

కనుక నేను కోరేది ఇది. ఆరో స్టేజ్ పాయింట్లను అధికారిక ఫలితం ప్రకారం మళ్లీ లెక్కించి, ఆటలో ఉన్న అందరి ఖాతాలకూ వర్తింపజేయండి. మా లీగ్ విజేతగా నా మిత్రుడి పేరు నమోదు చేయండి. వచ్చే సీజన్ నుంచి తుది ఫలితాన్ని తీసుకునేటప్పుడు సమయాలతోపాటు స్థానాలనూ పోల్చి చూడండి. లీగ్ గెలిచినందుకు నా ప్రొఫైల్‌లో మీరు పెట్టిన బంగారు కప్పు గుర్తును తొలగించండి. దాన్ని నేనే తీసేద్దామని చూశాను, మీ యాప్‌లో ఆ వీలు లేదు. డబ్బు రూపంలో నాకు ఏ పరిహారమూ అక్కరలేదు.

జవాబు ప్రతిని నా మిత్రుడికి కూడా పంపండి. అతని వివరాలు మీ దగ్గర ‘ఎర్ర లాంతరు’ అనే జట్టు పేరు కింద ఉంటాయి. మీరు ఈ లేఖపై చర్య తీసుకున్నాక మాత్రం ఆ పేరు కింద వెతికితే నేను దొరుకుతాను.

ఇట్లు,
మీ ఆటలో తొమ్మిదేళ్లుగా ఉన్న ఒక సభ్యుడు

జతచేసినవి: ఆరో స్టేజ్ ఫలితాల పేజీ, జెర్సీల పేజీ చిత్రాలు, మీ నుంచి వచ్చిన రెండు జవాబుల ప్రతులు.