ఈసారి వార్షికోత్సవం: మాట్లాడుతూ ఆడే పిల్లలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు పాట పెట్టుకుని నాట్యం ఆడరు, తామే మాట్లాడుతూ ఆడతారు. దాళ్వా (రెండో పంట వరి) చివర్లో వంతు నీళ్ల కోసం బోదె (పొలం కాలవ) గట్టున కాపలా కాసే రాత్రి ఇతివృత్తం. నిడివి 12 నిమిషాలు.

ఇదేం కొత్త పోకడ అని కొందరు అడిగారు. ఇది కొత్తేం కాదు. బుర్రకథకుడు తంబురా మీటుతూ, అడుగు వేస్తూనే కథ చెప్తాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఆడుతూనే చెలికత్తె మాధవితో వాదులాడుతుంది. జర్మనీలో నాట్య దర్శకురాలు పీనా బౌష్ 1973లో వుప్పర్టాల్ నాట్య బృందాన్ని చేపట్టాక నర్తకుల చేత వేదిక మీద మాట్లాడించారు. మన అభినయంలో చెయ్యి మాటకు అర్థం చూపిస్తుంది. మేం చేయిస్తున్న దాంట్లో చూపించదు. "నీళ్లొచ్చాయి" అంటూ చేతులతో కెరటాలు చూపిస్తే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టే. అందుకే పిల్ల "మన వంతు రేపేనంటండి" అంటుంది, ఒళ్లు మాత్రం నిలబడి నిలబడి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటుంది.

అసలు చిక్కు ఊపిరితో. గెంతిన వెంటనే మాట్లాడితే వాక్యం చివర గాలి చాలదు. తెలుగులో క్రియ ఉండేది అక్కడే. "లస్కరు తూము ఎత్త..." (లస్కరంటే కాలవ నీళ్లు వదిలే మనిషి) దగ్గర గొంతు ఆగితే ఎత్తాడో, ఎత్తలేదో వెనక బెంచీకి తెలియదు. కాబట్టి గెంతు తర్వాత రెండు తకధిమిల (ఎనిమిది లెక్కల) సేపు నడక, పూర్తిగా ఊపిరి వదిలి మళ్లీ పీల్చడం, అప్పుడు మాట. వాక్యం ఆరు మాటలు దాటదు. మాటతో పాటు వేసే అడుగులు మాత్రం తకతకిట, అంటే అయిదు లెక్కలు. నాలుగైతే మాట దానికి అతుక్కుపోయి ఎక్కాలు వల్లించినట్టు వినిపిస్తోంది.

గజ్జెలు ఇద్దరికే, అదీ మాటల్లేని చోట. చెక్క వేదిక మీద మైకు స్టాండు పెడితే అడుగుల దబదబే ఎక్కువ పట్టేస్తుంది. స్టాండు కింద కొబ్బరి పీచు పట్టా నాలుగు మడతలు వేస్తున్నాం. చెంప మైకులు వద్దనుకున్నాం, చెమటకి జారి బట్టకి రాసుకుంటాయి.

ఇంట్లో మీరు చేయాల్సిందల్లా పిల్లవైపు చూడకుండా వినడం. చివరి మాట వినబడకపోతే చెప్పండి. యాసను పుస్తకాల భాషలోకి దిద్దకండి, ఆ "ఆయ్" మాకు కావాలి. సాధనకు రెండు గంటల ముందే భోజనం పెట్టేయండి. పట్టు బట్టలు, మెడకి బిగిసే నగలు కొనొద్దు. పాత నూలు లుంగీలు, తువ్వాళ్లుంటే పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు