కొత్త క్యామ్ షాఫ్ట్‌కు పాత ట్యాపెట్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పాత అంబాసిడర్‌కు ఇంటి దగ్గరే క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఉబ్బులున్న ఇరుసు) మార్చి పికప్ పెంచుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ఒక మాట వెంటనే సరిదిద్దాలి. ఆ ఉబ్బుల మీద ఆని లేచి దిగే ట్యాపెట్లు చూడటానికి బాగుంటే పాతవే వాడుకోవచ్చని రాశారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కొత్త షాఫ్ట్ మొదటి రోజే పాడైపోయే ప్రమాదం ఉంది.

మేం చెబుతున్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ సంగతి. అందులో షాఫ్ట్ కింద బ్లాక్‌లో ఉండి, ట్యాపెట్ల మీది పుష్ రాడ్లనే కడ్డీల ద్వారా పైనున్న వాల్వులను తెరుస్తుంది. తర్వాత వచ్చిన 1800 ఇసుజు ఇంజన్‌లో షాఫ్ట్ ఇంజన్ పైభాగమైన హెడ్‌లోనే ఉంటుంది, ఆ పని వేరు.

ట్యాపెట్ అడుగు చదునుగా కనిపిస్తుంది కానీ మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది. క్యామ్ ముక్కు (షాఫ్ట్ మీది ఉబ్బు) కూడా ఒక పక్కకు రవ్వంత వాలి ఉంటుంది. ఈ రెండింటి వల్లే ట్యాపెట్ లేచి దిగుతూ తన చుట్టూ తాను తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. పాత ట్యాపెట్ అడుగు పాత ముక్కుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటుంది. కొత్త షాఫ్ట్ మీద పెడితే తిరగకుండా ఒకేచోట గీకుతుంది, పైపొర గట్టిదనం పోయాక ముక్కు గుండ్రంగా అరిగిపోతుంది. ఒక ట్యాపెట్ పక్క అంచును ఇంకో ట్యాపెట్ అడుగున ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో తగిలి, రెండు చివర్లా సన్నటి వెలుగు గీత కనిపించాలి. మధ్యలోనే వెలుగు కనిపిస్తే గుంట పడినట్టు. కొత్తవి కొన్నా ఈ పరీక్ష చేయండి. నూనె రాసి బ్లాక్‌లో వదిలితే ట్యాపెట్ తన బరువుకే దిగి, వేలితో తిప్పితే తిరగాలి.

విప్పే వరుస గురించి కూడా వ్యాసం తొందరపడింది. రాకర్ల (పుష్ రాడ్ తోస్తే వాల్వును నొక్కే చేతుల) పిల్లర్ల నట్లలో నాలుగు హెడ్‌ను కూడా బిగించేవే. రేడియేటర్ నీళ్లు వదలకుండా, హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగా సమంగా వదులు చేయకుండా ఆ నాలుగే విప్పితే హెడ్ వంకరపోయి నీళ్లు సిలిండర్లలోకి, ఛాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) దిగుతాయి. పుష్ రాడ్లను అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి వరుసగా గుచ్చండి. మానిఫోల్డ్ (గాలి, పొగ గొట్టాలు) తీస్తే పక్క మూతలు అందుతాయి, ట్యాపెట్లు అక్కడినుంచే బయటికి వస్తాయి. డిస్ట్రిబ్యూటర్ తీసినంత మాత్రాన షాఫ్ట్ రాదు. దాని కింది డ్రైవ్ స్పిండిల్‌నూ తీయాలి. దానికి పైన మరలు ఉంటాయి, 5/16 యూఎన్ఎఫ్ బోల్టు పొడుగుది బిగించి పైకి లాగితే తిరుగుతూ వస్తుంది. ఛాంబర్ దించి ఆయిల్ పంపు, దాని డ్రైవ్ కూడా తీశాకే షాఫ్ట్ ముందుకు కదులుతుంది. అంతకుముందే సుత్తితో కొడితే గేరు పళ్లు విరుగుతాయి.

ఇక ఏ క్యామ్ కొనాలి? ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. వాల్వ్ ఎక్కువసేపు తెరిచి ఉంచే రేస్ క్యామ్ వేస్తే పక్కపక్క సిలిండర్లు ఒకదాని మిశ్రమాన్ని ఒకటి లాక్కుంటాయి. స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) నిలవదు, గేరు వేసి కదిలేటప్పుడు లాగదు, పచ్చి పెట్రోల్ పొగతో పొల్యూషన్ పరీక్షలోనూ తేడా వస్తుంది. టన్ను దాటిన బండికి మామూలు ప్రొఫైల్ (ముక్కు ఆకారం), లేదా దానికంటే ఒక్క మెట్టు పైది చాలు. షాఫ్ట్ మీద పెట్రోల్ పంపును తోసే ఉబ్బు ఉందో లేదో కొనేముందే చూడండి. లేకపోతే ఎలక్ట్రిక్ పంపు ఖర్చు అదనం. పాతదాన్నే గ్రైండింగ్ చేయిస్తే ముక్కు వెనక గుండ్రం చిన్నదై ట్యాపెట్ కిందికి దిగుతుంది. రాకర్ స్క్రూ చివరిదాకా పోయి కూడా రాకర్‌కు, వాల్వ్‌కు మధ్య గ్యాప్ కుదరకపోతే పొడవు పుష్ రాడ్లు కావాలి.

చైన్ చక్రాల మీది రెండు చుక్కలు ఎదురెదురుగా రావడం ప్రారంభం మాత్రమే. కదలికను కొలిచే డయల్ గేజ్, క్రాంక్ తిరిగిన కోణం చూపే డిగ్రీ ప్లేటు పెట్టి ఒకటో సిలిండర్ ఇన్‌లెట్ పూర్తిగా తెరుచుకునే చోటు కొలవండి. శిఖరానికి అర మిల్లీమీటరు ముందు, అర మిల్లీమీటరు తర్వాత రీడింగులు తీసుకోవాలి. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు నుంచి లెక్కిస్తే 85, 131 డిగ్రీలు వచ్చాయనుకోండి, మధ్య 108 డిగ్రీలు. షాఫ్ట్‌తో వచ్చిన కార్డు మీద 110 ఉంటే మీది రెండు డిగ్రీలు ముందుంది, అంతవరకు పరవాలేదు. ఐదారు డిగ్రీల తేడా ఉంటే ఆఫ్‌సెట్ కీ (చక్రాన్ని షాఫ్ట్ మీద కొద్దిగా పక్కకు జరిపి నిలిపే చీల) వేయాలి. షాఫ్ట్ ముందువెనకల ఆట 3 నుంచి 7 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) ఉండాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్ల మధ్య మొత్తం ఒక మిల్లీమీటరైనా ఖాళీ మిగలాలి.

ట్యాపెట్ గ్యాప్ మామూలు షాఫ్ట్‌కు ఇంజన్ వేడి మీద 15 థౌ, కొత్త ప్రొఫైల్ అయితే దాని కార్డు ప్రకారం. లెక్క సులువు: తెరుచుకున్న వాల్వ్, సరిచేయాల్సిన వాల్వ్ కలిపితే తొమ్మిది రావాలి. ఒకటి పూర్తిగా తెరుచుకుంటే ఎనిమిదిది, మూడు తెరుచుకుంటే ఆరుది.

వ్యాసంలో అసలే లేనిది మొదటి ఇరవై నిమిషాల సంగతి. బిగించేటప్పుడే ముక్కులకు, ట్యాపెట్ అడుగులకు మాలిబ్డినం పేస్టు దట్టంగా పట్టించాలి. ప్లగ్గులు తీసి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టాలి. టైమింగ్ ముందే సరిపెట్టి, కార్బురేటర్ నింపి ఉంచితే ఇంజన్ తొలి ప్రయత్నంలోనే అందుకుంటుంది. అందుకున్న వెంటనే 2000 ఆర్‌పీఎంకు తీసుకెళ్లి, 2000–2500 మధ్య పెంచుతూ తగ్గిస్తూ ఇరవై నిమిషాలు నడపాలి. స్లోలో వదలకూడదు. క్యామ్ ముక్కులకు నూనె ఎక్కువగా క్రాంక్ చిమ్మేదే, స్లోలో అది చాలదు. పైగా తక్కువ వేగంలోనే ముక్కు కొన మీద స్ప్రింగు బరువు ఎక్కువ పడుతుంది. నీళ్లు కారినా, స్పీడ్ నిలవకపోయినా ఇంజన్ ఆపేసి సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి.

కొత్త కార్ల కోసం అమ్మే పలచటి ఆయిల్‌లో భాస్వరం 800 పీపీఎంకు మించదు, దానితోపాటు అరుగుదలను ఆపే జింకూ తక్కువే. ఈ ఇంజన్‌కు జింకు తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 పోయండి. ఇరవై నిమిషాలయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి అయస్కాంతం తిప్పి చూడండి. బూడిదరంగు మసి పట్టడం మామూలే. తళుకు రవ్వలు అంటుకుంటే పక్క మూతలు విప్పాల్సిందే. 500 కిలోమీటర్ల దగ్గర ట్యాపెట్ గ్యాప్ మళ్లీ కొలవండి. ఏదో ఒక్క వాల్వ్‌కే గ్యాప్ పెరిగి ఉంటే ఆ ముక్కు అరుగుతోంది. గ్యాప్ బిగించి బండి నడపకుండా ఆ ట్యాపెట్ బయటికి తీసి అడుగు చూడండి.

– ఇంజన్ మెకానిక్‌లు, ఆటోనగర్, విజయవాడ