కాలి నరం అంటే ఏ నరం?

ఎడిటర్ గారికి నమస్కారం,

రక్తం మోసేదాన్నీ నరమే అంటాం, స్పర్శ తెలిపేదాన్నీ నరమే అంటాం, మీ హెల్త్ పేజీలో కూడా అలాగే కలిపి రాస్తున్నారు. ఈ ఒక్క మాట వల్ల మా అమ్మ విషయంలో రెండు రోజులు పోయాయి, అందుకే ఈ ఉత్తరం.

తుంటి ఆపరేషన్ అయిన పదో రోజు అమ్మ ఎడమ పిక్క లాగేస్తోంది అంది. నరం పట్టేసిందిలే అని నేనే బామ్ రాసి గట్టిగా రుద్దాను. మర్నాటికి ఆ కాలు వాచి వేడిగా, చర్మం మెరుస్తూ ఉంది, కుడికాలు మాత్రం మామూలుగానే ఉంది. నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమన్నారు తెలిసినవాళ్లు, వెళ్తే ఆయన కాలు చూసీ చూడగానే ఇది నేను చూసేది కాదమ్మా, రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ ఇప్పుడే చేయించండి అని పంపించేశారు. టేపు పెట్టి కొలిస్తే ఎడమ పిక్క 4 సెంటీమీటర్లు ఎక్కువ, 3 దాటినా అనుమానించాలట. లోపలి సిరలో, అంటే రక్తాన్ని తిరిగి గుండెకి చేర్చే నాళంలో, రక్తం గడ్డ కట్టింది, డీవీటీ అన్నారు. నేను రుద్దింది దాని మీదే అని తెలిసి నా చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాలే పోవచ్చు.

ఆపరేషన్ తర్వాత, చాలా రోజులు మంచం మీదున్నాక, గంటల తరబడి కదలకుండా ప్రయాణం చేశాక, గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు అయిన మొదటి వారాల్లో, క్యాన్సర్ ఉన్నవాళ్లకి, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఒక్క కాలే సడన్‌గా వాచిందంటే రేపు చూద్దాం అనకండి, రుద్దకండి, ఆ రోజే చూపించండి. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఒక్కోసారి కాల్లో ఏమీ తెలియకుండా కూడా గడ్డ కడుతుందట, అదే నాకు ఎక్కువ భయం.

నాన్నది దీనికి పూర్తిగా వేరే. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం, పదిహేనేళ్లుగా పిక్కల మీద మెలికలు తిరిగి ఉబ్బిన సిరలు ఉన్నాయి, సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి, సాక్స్ విప్పితే గీత లోతుగా పడి ఉంటుంది, పొద్దున్నకి తగ్గిపోతుంది. రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న వాల్వులు ఉంటాయి, పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది, ఆ వాల్వులు పాడైతే రక్తం వెనక్కి జారి చీలమండ దగ్గర ఒత్తిడి పెరిగిపోతుంది. నాన్నకి లోపలివైపు చీలమండ పైన చర్మం గోధుమరంగు తిరిగి దురద పెట్టేది, తామర అనుకుని మూడేళ్లు ఆయింట్‌మెంట్లు పూశాం, చివరికి అక్కడే పుండు పడింది. సిరల్లోంచి బయటికి వచ్చిన రక్తకణాల్లోని ఇనుము వల్ల ఆ రంగు వస్తుందని అప్పుడు గానీ తెలియలేదు. ఆ మచ్చ దగ్గరే ఆగి చూపించుకుని ఉంటే పుండు దాకా వచ్చేది కాదేమో.

వాపు తగ్గడానికి వేసుకునే బిగుతు స్టాకింగ్స్ కూడా ఎవరికి వాళ్లు కొనేసుకోకండి, కాలికి రక్తం తెచ్చే ధమనులు బాగున్నాయో లేదో ముందు చూడాలి, లేకపోతే కాలికే ముప్పు. ఉబ్బిన సిర పగిలి రక్తం కారితే కూర్చోకుండా పడుకుని, కాలు పైకెత్తి గట్టిగా అదిమి పట్టుకోవాలి. రెండు కాళ్లూ ఒకేలా వాస్తుంటే గుండె, కిడ్నీలు, లివర్ కూడా చూపించుకోవాలి.

అమ్మకి గడ్డ పెరగకుండా ఆపే మాత్రలు కనీసం 3 నెలలు వేసుకోమన్నారు, ఉన్న గడ్డని మెల్లగా కరిగించుకునేది ఒళ్లేనట. మీకు నాదొక్కటే రిక్వెస్ట్, ఇకమీదట సిర అని రాయండి, కొత్తగా అనిపిస్తే రక్తనాళం అనైనా రాయండి, చూపించుకోవాల్సింది వాస్కులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల డాక్టర్‌కి అని కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు