ఓటరు లిస్టులో పేరు ఎక్కించుకునే ముందు

బిడ్డా,

న్యూజిలాండ్ రెసిడెన్సీ మీద ఏడాది నిండింది, ఇక పార్లమెంటు ఎలక్షన్లలో ఓటేయొచ్చు అని నువ్వు చెప్తే మొదట నమ్మలేదు. సిటిజన్‌షిప్ లేకుండానే బయటి నుంచి వచ్చినవాడిని అంత దగ్గరికి రానిచ్చే దేశాలు చాలా తక్కువ. ఆ సంతోషంలోనే ఇంకో మాట కూడా అన్నావు: "మావోరీలకు వేరే సీట్లెందుకమ్మా? అందరికీ ఒకటే రూలుంటే అయిపోదా? 1840 నాటి కాగితంతో మనకేం పని?" ఆ దేశపు మూలవాసులకు పార్లమెంటులో ఉన్న వేరే సీట్లు, వాళ్లు 1840లో బ్రిటిష్ వాళ్లతో రాసుకున్న వైటాంగి ఒప్పందం, రెంటినీ ఒక్క మాటతో కొట్టేశావు. కోడలు పక్కనే ఉందని అప్పుడు వాదించలేదు. కానీ ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పినదాన్ని, ఊరుకుంటే నిద్ర పట్టేట్టు లేదు.

ముందు సీట్ల సంగతి. అవి ఎవరో జాలిపడి ఇచ్చినవని మీ ఆఫీసులో అనుకుంటున్నట్టున్నారు. 1867లో ఆ చట్టం చేసేనాటికి ఓటు కావాలంటే సొంత ఆస్తి ఉండాలి. మావోరీల భూమి తెగ మొత్తానికీ ఉమ్మడి. ఎవరి పేరునా పట్టా లేదు కాబట్టి ఎక్కువమందికి ఓటూ లేదు. అందుకని ఐదేళ్లకని తాత్కాలికంగా 4 సీట్లు పెట్టారు. జనాభా లెక్కన చూస్తే వాళ్లకు రావాల్సినవి 14 నుంచి 16. ఆ నాలుగు సీట్లు నూట ఇరవై ఏళ్లు దాటినా నాలుగుగానే ఉన్నాయి. తెల్లవాళ్లకు రహస్య ఓటింగ్ 1870లో వస్తే, మావోరీ సీట్లకు 1938 ఎన్నికల్లో గానీ రాలేదు. పూర్తి మావోరీ సంతతివాళ్లు జనరల్ సీట్లో నిలబడటానికి 1967 దాకా వీలే లేదు. దీన్ని నెత్తిన పెట్టుకోవడం అంటారా, కట్టేసి ఉంచడం అంటారా, నువ్వే చెప్పు.

1993 చట్టం వచ్చాకే మావోరీ రోల్‌లో, అంటే వాళ్ల విడి ఓటరు లిస్టులో, ఎంతమంది ఉంటే ఆ లెక్కన సీట్లు అన్నారు. ఇప్పుడవి 7. ఆ రోల్‌లో ఉన్నవాళ్లకు జనరల్ సీట్లో ఓటుండదు, రెండు చోట్లా వేస్తారనుకోకు. మీ దోస్తులకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. జనరల్ సీట్ల ఏర్పాటును కదిలించాలంటే పార్లమెంటులో 75 శాతం మద్దతైనా కావాలి, రెఫరెండమైనా పెట్టాలి. మావోరీ సీట్లను మామూలు మెజారిటీతో ఒక్క రోజులో ఎత్తేయొచ్చు. ఇదీ వాళ్ల 'ప్రత్యేక హక్కు' గట్టితనం.

ఇక ఆ కాగితం, వైటాంగి ఒప్పందం. నేను వచ్చినప్పుడు వెల్లింగ్టన్ నేషనల్ లైబ్రరీలో నువ్వే చూపించావు కదా, మసక వెలుతురు గదిలో అద్దాల కింద. వైటాంగిలో సంతకాలు పెట్టిన ఆ తోలు పత్రం అంచులు ఊడిపోయి, పెద్ద పెద్ద ముక్కలు లేచిపోయి ఉంది. ఎలుకలు కొరికాయి. 1877 నుంచి 1908 దాకా ఒక ప్రభుత్వ భవనం నేలమాళిగలో తడికీ ఎలుకలకీ వదిలేశారు. అదే 1877లో ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్‌గాస్ట్ ఆ ఒప్పందం చట్టం దృష్టిలో చెల్లదని తీర్పిచ్చాడు. కోర్టు ఒక పక్క, ఎలుకలు ఒక పక్క!

అందులో ఉన్నవి మూడే ఆర్టికల్స్. పరిపాలన బ్రిటిష్ రాణికి, ఇది మొదటిది. భూములు, అడవులు, చేపల వేట, తమవాళ్ల మీద తమ పెత్తనం మావోరీ పెద్దలకే, ఇది రెండోది. బ్రిటిష్ ప్రజలతో సమానంగా హక్కులు, ఇది మూడోది. ఏడాది తిరిగేసరికి 500 మందికి పైగా పెద్దలు సంతకం చేశారు, దాదాపు అందరూ మావోరీ ప్రతి మీదే. ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమత్వం మొత్తం రాసిచ్చినట్టుంది, మావోరీ ప్రతిలో అంత లేదు. తగువు అక్కడ మొదలై ఇప్పటికీ తెగలేదు. పాతికేళ్లు తిరగకుండానే యుద్ధాలు, ఒక్క వైకాటో ప్రాంతంలోనే 12 లక్షల ఎకరాల జప్తు. 1924లో రాతానా అనే నాయకుడు ఈ ఒప్పందం కోసమే లండన్ దాకా పోతే రాజుగారి దర్శనమే దొరకలేదు. 1975లో, ఎనభైకి దగ్గరపడిన మావోరీ నాయకురాలు ఫీనా కూపర్ తమ భూముల కోసం ఉత్తరపు కొస నుంచి వెల్లింగ్టన్‌కు జనాన్ని నడిపించుకొచ్చింది. ఒప్పందం తప్పారన్న ఫిర్యాదులు వినే వైటాంగి ట్రిబ్యునల్ చట్టం ఆ ఏడాదిదే.

"మనకేం పని" అన్నావు చూడు, నాకు కష్టం కలిగింది ఆ మాటకే. నీ పాస్‌పోర్టుకు రెసిడెంట్ వీసా ఇచ్చే అధికారం ఆ సర్కారుకు ఎక్కడిది? మొదటి ఆర్టికల్ నుంచే కదా. నువ్వు ఆ దేశంలో కాలు పెట్టింది ఆ ఒప్పందం మీదుగానే. మొదటిది మనకు పనికొచ్చింది, రెండోది మాత్రం పాత కాగితం అంటే ఎట్లా?

పెద్దమనుషుల ఒప్పందం ఎరగని ఇంట్లో పుట్టలేదు నువ్వు. 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో రెండు పక్కలా నలుగురేసి కూర్చుని రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు అన్నారు. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేకుండా పోయింది. మీ పెద్దమామయ్య 1969లో కాలేజీ ఎగ్గొట్టి ఊరేగింపుల్లో తిరిగింది ఎందుకనుకున్నావు? అప్పుడు కూడా "అందరం తెలుగువాళ్లమే కదా, ఈ తేడాలెందుకు" అన్నవాళ్లు బోలెడుమంది. మావోరీల కథ దీనికంటే చాలా పెద్దది, మన గొడవ వాళ్ల గొడవ ఒకటే అనను. కానీ మాట తప్పినవాడే సమానత్వం గురించి పాఠం చెప్తే ఒళ్లు మండటం ఎట్లా ఉంటుందో మన ఇంట్లో చెప్పనక్కర్లేదు.

ఒప్పందం సూత్రాలకు పార్లమెంటే అర్థం రాసి రెఫరెండంకు పెట్టాలని ACT పార్టీ ఎంపీ డేవిడ్ సేమూర్ తెచ్చిన బిల్లు గురించి కూడా అన్నావు. ఆయన వాదనలో పస లేదనను. ఆయనకూ మావోరీ మూలాలున్నాయి. 1975 చట్టం 'ఒప్పందం సూత్రాలు' అనేసి, అవేమిటో చెప్పకుండా వదిలేసింది. కోర్టులు, ట్రిబ్యునల్ తేలుస్తూ వచ్చాయి. ఎన్నికైనవాళ్లు తేల్చాలి గదా అని అడగడంలో తప్పు లేదు. కానీ తేల్చే పద్ధతి ఒకటుంటుంది. ఇద్దరు రాసుకున్న ఒప్పందానికి ఒకరే కూర్చుని అర్థం రాసి, రెండోవాళ్లను ఓట్ల లెక్కలో ఓడిస్తాం అంటే ఏ ఊరి పంచాయితీ ఒప్పుకుంటుంది? దేశ జనాభాలో మావోరీలు ఐదోవంతు కూడా లేరు, ఎప్పుడు ఓటుకు పెట్టినా ఓడేది వాళ్లే. ఆ కుర్ర మావోరీ ఎంపీ సభలో బిల్లు చించి, వాళ్ల సంప్రదాయ నృత్యం హాకా మొదలుపెట్టిన వీడియో అందరూ చూశారు. నాకు మాత్రం దానికంటే పెద్దదనిపించింది సుమారు 3 లక్షల మంది కూర్చుని తమ అభిప్రాయాలు రాసి పంపడం. ఎక్కువమంది వద్దనే అన్నారు. 2025 ఏప్రిల్ 10న 112–11తో బిల్లు పోయింది. తెల్లవాళ్లూ, బయటి నుంచి వచ్చినవాళ్లూ కలవకుండా ఆ లెక్క రాదు.

సీట్లు ఉండాలా వద్దా అన్న మాట ఎలక్షన్లప్పుడు మళ్లీ వస్తుంది, వస్తూనే ఉంటుంది. ఓటు ఎవరికన్నది నీ ఇష్టం, దాంట్లో నేను వేలు పెట్టను. మీ గల్లీకి ఓట్లడగడానికి ఎవరైనా వస్తే ఒక్కటి అడుగు: రెండో ఆర్టికల్‌ని ముట్టుకునే ముందు మావోరీలను అడుగుతారా, అడిగి వాళ్లు కాదంటే ఆగుతారా అని.

నీ జవాబు రాసి పంపు. ఫోన్‌లో అయితే మధ్యలో వంటల మీదికి మళ్లిస్తావు.

అమ్మ