కచిడి వేట, రక్షణ: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అంతర్వేది నుంచి కాకినాడ దాకా వేలంపాటల్లో కచిడి చేప ధర పెరుగుతోంది, కచిడి తగ్గుతోంది. ఆ ధరంతా గాలితిత్తిది, అంటే చేప నీళ్లలో తేలడానికి దాని ఒంట్లో ఉండే గాలిసంచిది. మగచేప తిత్తికైతే ఇంకా ఎక్కువ. మీటరున్నర దాకా పెరిగే ఈ చేప గుడ్లు పెట్టే కాలంలో మందగా ఒకేచోట చేరి కూత పెడుతుంది. ఆ కూత పట్టుకుని వల వేస్తే మంద మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది. వేట పడిపోవడానికి అసలు కారణం ఇదేనని మన కార్యవర్గం అభిప్రాయం.

90 సెంటీమీటర్ల దరిదాపులకు వస్తేగాని కచిడి గుడ్డుకు రాదని ఉత్తర ఆస్ట్రేలియా పరిశీలనలు చెబుతున్నాయి. అందుకే 90 దగ్గర ఎర్రగీత ఉన్న కొలబద్దలు బోట్లకు ఇచ్చాం. మూతి కొస నుంచి తోక చివరి దాకా కొలిచి, గీతకు తక్కువైతే వదలాలి.

కొలిచి వదిలినంత మాత్రాన చేప బతకదు. ఆరేడు బారల లోతు నుంచి పైకి లాగితే తిత్తి ఉబ్బి, కడుపు నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. కళ్లు పొడుచుకొస్తాయి. నోట్లో కనిపించే ఆ ఎర్రటి బుడగను తిత్తి అనుకుని సూదితో పొడుస్తున్నారు. అది కడుపు, పొడిస్తే చేప చస్తుంది. దానికి బదులు, మొన దగ్గరి ఎదురుముల్లు అరగదీసిన గాలం తీసుకుని, దాని వంపుకు తాడు, కాడ కొసకు రెండు మూడు కిలోల సీసపు గుండు కట్టండి. మొనను కింది పెదవి పలుచటి చర్మానికి తగిలించి, చేపను తిన్నగా అడుగుకు దించి, తాడును ఒక్క గుంజు గుంజితే గాలం ఊడుతుంది. చేప బోటెక్కిన రెండు మూడు నిమిషాల్లోనే ఇదంతా అయిపోవాలి. ఆలస్యమైతే వెల్లకిలా తేలుతుంది. బోటుతో ఈడ్చే ఈడుపు వలలో నలిగిన చేపకు ఇదీ పనికిరాదు. కాబట్టి కూత వినిపించిన చోట వల వేయకపోవడమే దారి. ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ మూలవాసులు ఈ చేప వేటను తమంతట తామే రెండేళ్లు ఆపుకున్నారు. ఆ పాటి కట్టుబాటు మనవల్లా అవుతుంది.

నది సముద్రంలో కలిసే మొగల దగ్గర సన్నకన్ను వలలు వాడొద్దన్న తీర్మానం కొనసాగుతుంది. ఖర్చుల లెక్క కోశాధికారి విడిగా చదువుతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆలోగా కొలబద్ద, గుండు అందనివాళ్లు సంఘం గదికి వచ్చి తీసుకెళ్లండి.