ఆ సంబంధం గురించి

బిడ్డా,

ఆ సంబంధం ముచ్చట మీ నాయన ఫోన్ల చెప్పిండు గదా. అయిదెకరాలు, బోరు, స్లాబు ఇల్లు, అన్నీ బాగనే ఉన్నయి. నేను ఒక్కటే అడిగిన, ఆ ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అని. మీ చిన్నాయనైతే గదేం ముచ్చట వదినా అన్నడు.

గదే అసలు ముచ్చట. నేను పెళ్లయి వచ్చిన కొత్తల ఈ ఊరికి బస్సే లేకుండె, అమ్మగారింటికి పోవాలంటే మెయిన్ రోడ్డు దాక నడవాలె, చార్జీలకు మీ నాయనమ్మను అడగాలె, అడిగితే పైసలొక్కటే కాదు ఎందుకు పోతున్నవ్, ఎవరితోని, ఎప్పుడొస్తవ్ అన్నీ చెప్పాలె, సగం ప్రయాణాలు ఆడనే ఆగిపోతుండె. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు ఫ్రీ బస్సు మహాలక్ష్మి పథకం వచ్చినంక ఆధార్ చూపిస్తే జీరో టికెట్, పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్ అయినా. ఆడోళ్లు ఊకె తిరుగుతున్నరని అంటరు, తిరగనీ! మా సంఘంల ఒకామె బీపీ గోలీలు ఆరెంపీ కాడ కొనేది, ఇప్పుడు నెలనెలా సర్కార్ దవాఖానకు తనే పోయొస్తున్నది, తోలుకపొమ్మని కొడుకును బతిమాలుతలేదు.

కానీ బస్సే రాని ఊర్ల ఫ్రీ టికెట్ ఏం చేస్కోవాలె? ఆరింటికే ఆఖరి బస్సు అయితే డ్యూటీ దిగిన పిల్ల ఆటో కోసం నిలవడాలె, నిండేదాక వాడు కదలడు, చీకటైతే ఇంటికాడికెల్లి ఒకటే ఫోన్లు, రెండుసార్లు అట్లయితే పని మాన్పిస్తరు. ఈ ఊర్లనే చూసిన.

ఇంకోటి, భూమి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1986లనే చట్టం తెచ్చిన్రు, తాతల నాటి ఆస్తిల బిడ్డకు కొడుకుతో సమానం అని, దేశమంతటికి 2005ల వచ్చింది. అయినా కట్నం ఇచ్చినం గదా అని పెళ్లి కాంగనే వాటా వద్దని సంతకం పెట్టిచ్చుకుంటరు. భూమి పాస్‌బుక్ ఉన్న ఆడిదాని మాటకు ఇంట్ల విలువే వేరు బిడ్డా. నీకు, తమ్మునికి ఇద్దరికి రాయాలె అని మీ నాయనతోని చెప్పిన, సప్పుడు చేయలే, కాదని గూడ అనలే. నువ్వైతే ఎవరు ఏ కాయితం తెచ్చినా నన్నడగకుండ సంతకం పెట్టకు.

స్కూటీ నేర్చుకుంట అన్నవ్, పెళ్లయినంక చూద్దాం అనకు, లర్నింగ్ లైసెన్స్‌కు స్లాట్ బుక్ చేస్కో, పైసలు నేను పంపుత. ఆ పిలగాడు ఫోన్ చేస్తే బస్సు టైమ్ నువ్వే అడుగు, పెళ్లయినంక నేను జాబ్‌కు ఎట్ల పోవాలె అని గూడ అడుగు. ఏమన్నడో నాకు చెప్పు, అప్పుడే మీ నాయనకు అవునో కాదో చెప్త.

అమ్మ